బిస్కట్ పన్నెండోసారి

పొద్దుటి నుంచి నా పిల్లి పదకొండుసార్లు చచ్చిపోయింది.
పేరు బిస్కట్. స్క్రిప్టులో అలా ఉంది.
నేను గ్విలిమ్‌ని, స్వాన్సీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి.
ఇప్పుడు మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూల్లో
ఐదో గదిలో పక్కింటి ముసలాణ్ణి.
రోజుకి పాతిక పౌన్లు, ఒక శాండ్‌విచ్.

బెల్లు మోగుతుంది. తలుపు తట్టి ఒకరొస్తారు.
కారు వెనక్కి తీస్తూ చూసుకోలేదండీ, అంటారు.
నేను కూలబడాలి. ఏడవాలా వద్దా, నా ఇష్టం.
వాళ్ల మొహాల మీద బట్టీ పట్టిన జాలి
మడత నలగని కొత్త చొక్కాలా ఉంటుంది.
"మీ బాధ నాకు అర్థమవుతోంది."
పదకొండుమందికీ అర్థమైంది.
మూల కుర్చీలో డాక్టర్ రీస్ గళ్లలో టిక్కులు పెట్టుకుంటుంది.

పన్నెండో మనిషి నెరిస్ ప్రోసర్.
ముప్పై నాలుగేళ్లుంటాయేమో. పియానోలు శ్రుతి చేసే పని.
టీ దగ్గర ఎవరో కుర్రాడు అడుగుతుంటే విన్నాను,
సైన్సు చదవకుండా ఇక్కడిదాకా ఎలా వచ్చారని.
బస్సులో వచ్చాను, అంది.

లోపలికొచ్చి కూర్చోలేదు.
"బిస్కట్ నా కారు కింద పడి పోయింది.
నా కోటులో చుట్టి డిక్కీలో పెట్టాను.
చూస్తారా?
లేకపోతే ముందు కాసేపు కూర్చుందామా?"

కోటు స్క్రిప్టులో లేదు. డిక్కీ లేదు.
చూస్తానో చూడనో నాకెవరూ రాసివ్వలేదు.
నిజానికి నేనెప్పుడూ పిల్లిని పెంచలేదు,
మెన్నాకి పిల్లి బొచ్చు పడేది కాదు.
మెన్నా పోయిన రాత్రి వార్డులో
అందరూ ఎంతో మర్యాదగా మాట్లాడారు.
చూస్తారా అని మాత్రం ఎవరూ అడగలేదు.

"కూర్చుందాం," అన్నాను.
కూర్చున్నాం.
నాలుగు నిమిషాలు. రేడియేటర్ టకటకమంటోంది.
సారీ అనలేదు. అర్థమవుతోందనలేదు.
డాక్టర్ రీస్ పెన్ను
ఏ గడిలో వాలాలో తెలీక గాల్లోనే ఉండిపోయింది.

బెల్లు.
ఆమె తలుపు దగ్గర ఆగి, ఏదో చెప్పకూడనిది చెబుతున్నట్టు,
"మీ బెల్లు శ్రుతి తగ్గింది. కాస్తే," అంది.

ఆమెకెన్ని మార్కులొచ్చాయో నాకు తెలీదు. నన్నడగరు,
ఈ గదిలో నేనూ కుర్చీలాంటివాణ్ణే.
పదమూడో వాడొచ్చేలోగా గ్లాసుడు నీళ్లు తాగి
బిస్కట్‌ని మళ్లీ బతికించుకోవాలి.

బతికించాను. ఇంకో తొమ్మిదిసార్లు చచ్చిపోయింది.
బెల్లు మోగిన ప్రతిసారీ
ఆ కాస్త తక్కువ
నాకూ వినిపిస్తూనే ఉంది.