ఇందుమూలముగా

శనివారం పేపర్లో, మూడో పేజీ అడుగున,
ఎరువుల ప్రకటనకీ ఎవరిదో పెద్దకర్మకీ మధ్య
నా ఫొటో వేయించారు.
"ఈ ఫొటోలోని తిరుమాని సత్యవేణికి
మా హేచరీతో ఎటువంటి సంబంధమూ లేదు.
మా ఫార్ములా దొంగిలించి అమ్ముచున్నది.
లావాదేవీలు జరిపినచో మాది బాధ్యత కాదు."

ఆ ఫొటో మీ గేటు పాసుది.
తొమ్మిదేళ్ల కిందటి ముఖం.
బ్లీచింగు ఇంకా నా కనుబొమల్ని తినలేదప్పటికి.

ఆకివీడు సెంటర్లో టీకొట్టు రామలింగం
ఆ కాగితంలోనే పునుగులు కట్టిచ్చాడు.
నా నుదుటి మీద నూనె.
చూసి నాలిక కరుచుకుని
"పేపరు మారుస్తానమ్మా" అన్నాడు.
వద్దన్నాను. అందులోంచే తిన్నాను.

అందుకని, అయ్యా, నేనూ అచ్చు వేయిస్తున్నాను.
సెంటీమీటరు లెక్కన డబ్బు కట్టాను.
మాటలు తగ్గించుకోమన్నాడు కౌంటర్లో కుర్రాడు.
తగ్గించలేదు.

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది:
తవుడు, బెల్లం, ఈస్టు.
అదీ ఆ ఫార్ములా.
ప్రతి చెరువు గట్టునా నీలం డ్రమ్ములో పులుస్తున్నదే.
చెప్పేశాను కాబట్టి ఇకెవరూ దొంగిలించక్కర్లేదు.

ముప్పై ఆరు గంటలు పులియబెట్టడం మాత్రం
మా సొంతం అంటున్నారు మీరు.
ఆ గంటలు ఎవరూ లెక్కగట్టినవి కావు.
తుఫానుకి యనమదుర్రు పొంగి రోడ్డు తెగితే
నేను రాలేకపోయిన రాత్రి అది.
మర్నాడు మోకాటిలోతు నీళ్లలో నడిచొచ్చి
డ్రమ్ము మూత తీస్తే
మా తాత కల్లుముంత వాసన.
గొడుగు కింద నిలబడి
"పారబొయ్యి" అన్నారు మీరు.
పారబోశాను,
అయిదో నంబరు చెరువులో.
నాలుగో రోజుకి నీళ్లు లేత పెసర రంగుకి తిరిగాయి.
ఆ పట్టుబడితో లేపిన మేడ మీదే
ఇప్పుడు మీ వకీలుగారు కూర్చుని
నాకు నోటీసు టైపు చేయించారు.

రొయ్య అమావాస్యకి గుల్ల విడుస్తుంది.
పొద్దున్నే చెక్ ట్రే ఎత్తి చూస్తే
మీసాలు, కాళ్లు, తోక, కళ్లుండే చోటు,
అచ్చం రొయ్యే.
పట్టుకుంటే బరువుండదు.
నా చేతిరాత రిజిస్టర్లు పద్నాలుగు
మీ బీరువాలో ఉన్నాయి, తాళం మీ దగ్గరే.
వాటిని చేత్తో పట్టుకుని
లోపలిది ఏమైందని నన్నడుగుతున్నారు.

ఏమీ తీసుకెళ్లలేదని అనను.
ఒక థర్మామీటరు తెచ్చుకున్నాను,
పగిలిందని నా జీతంలో కోసుకున్నదే.
తెల్లారగట్ల మూడింటికి మెలకువొచ్చే జబ్బు ఒకటి.
చుక్క నీళ్లు నాలిక మీద వేసుకుని
ఉప్పెంతో చెప్పడం
మీ గేటు దాటకముందే వచ్చు,
ఉప్పుటేరు ఒడ్డున పుట్టాను గదా.
పోనీ, అందులో సగం మీదే అనుకోండి. పేచీ లేదు.

భయం లేదనీ కాదు.
ముగ్గురు రైతులు ఫోనెత్తడం మానేశారు.
కాళ్ళలో డీలరు నా డబ్బాలు తిప్పి పంపాడు,
సీలు తీయకుండా, పైన మీ ప్రకటన అంటించి.
ఆ రాత్రి అన్నం సయించలేదు.

మొన్న మంగళవారం, మూడుంపావుకి, ఫోను.
పేరు చెప్పలేదు, గొంతు గుర్తుపట్టాను.
"అమ్మా, తేలిపోతన్నాయి, గట్టుకొచ్చేత్తన్నాయి,
ఏం సెయ్యమంటారు?"
ఏరియేటర్లన్నీ వెయ్యి.
మేత ఆపు.
నువ్వు కంగారుపడకు.
తెల్లారేదాకా లైను పెట్టెయ్యలేదు నేను,
అవతల నీళ్లు చిలుకుతున్న చప్పుడు వింటూ
మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను.
చెరువు నిలబడింది.

ఏ చెరువో చెప్పను, అతని ఉద్యోగం పోతుంది.
మీదే అని మాత్రం చెబుతాను.
ఆ నాలుగు మాటలు ఎవరి ఆస్తో
తీరిక చూసుకుని వకీలుగారిని అడగండి.

ఇట్లు,
తిరుమాని సత్యవేణి.
ఫొటో కొత్తది.
కనుబొమలు లేకపోయినా నేనే.