పదహారింట మూడు

న్యూఫౌండ్‌లాండ్ దక్షిణపు ఒడ్డున
పొగమంచు తలుపు దాకా వచ్చి ఆగే షెడ్డులో
నా పడవ మోటారు బాగయ్యేదాకా
ఖాళీ రంగుడబ్బా బోర్లించుకుని కూర్చున్నాను.

వెర్నా కీపింగ్ తల ఇంజిన్ లోపల ఉంది.
చెయ్యి ఒక్కటే బయటికి చాచింది.
"ఏడు బై పదహారు వదులుగా ఉంది. దాని పై సైజు ఇవ్వు."

డెల్లాకి పదిహేడేళ్లు, పనిలో ఇది మూడో రోజు.
పొద్దున్నే స్పానర్లన్నీ తుడిచి వరసపెట్టింది:
ముందు ఒకటి బై రెండు,
తర్వాత మూడు బై నాలుగు, మూడు బై ఎనిమిది,
అయిదు బై ఎనిమిది,
చివర్న ఏడు బై పదహారు, తొమ్మిది బై పదహారు.
పై అంకె చూసి పేర్చింది,
బడిపిల్లల్ని పొడుగు వారీగా నిలబెట్టినట్టు,
కొందరు బల్లలెక్కారని చూసుకోకుండా.

పక్కదాన్నే తీసి ఇచ్చింది.
అది నట్టు మీద గిర్రున తిరిగింది.

వెర్నా బయటికొచ్చింది. తిట్టలేదు.
వరసంతా మోచేత్తో చెదరగొట్టి
సుద్దముక్క చేతిలో పెట్టింది.
"అన్నిటినీ పదహారుల్లోకి మార్చు."

పదహారో వంతుకి మా భాషలో ఓ పేరుంది, వీసం.
వీసమెత్తు బంగారం లేదని,
వీసమెత్తు సిగ్గు లేదని
తిట్టుకోడానికే మిగిలిందనుకున్నాను ఆ మాట.
ఇక్కడ, ఈ ఉప్పుగాలిలో, దానికి పని దొరికింది.

అర అంటే ఎనిమిది వీసాలు.
మూడు బై ఎనిమిది, ఆరు.
అయిదు బై ఎనిమిది, పది.
ముప్పావు, పన్నెండు.
సుద్ద గీసేకొద్దీ
బల్లలెక్కిన ఇనుమంతా
ఒక్కటొక్కటే నేల మీదికి దిగింది.
ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది,
పదకొండు లేదు.
"అది కిందటేడు నీళ్లలో పడింది," అంది వెర్నా.
"ఆ ఖాళీ అలాగే ఉంచు."
పన్నెండు.

మధ్యాహ్నం ఆల్ఫియస్ స్కినర్ వచ్చాడు.
లాబ్‌స్టర్ల కాలం, పడవలోకి ఓ మనిషి కావాలి.
"హైన్స్ ఏమిస్తానన్నాడు? అయిదింట ఒకటా?
నేను పదహారింట మూడిస్తాను. మూడు!"
మూడు వేళ్లు చూపించాడు.
పదహారు చూపించడానికి చేతులు చాలవు గదా.

డెల్లా స్పానర్ల వైపు చూసింది.
వాటిలో అయిదో వంతు లేదు.
అంగుళాన్ని సగాలుగా, ఆ సగాల్ని సగాలుగా
కోసుకుంటూ పోతే
అయిదు ఎప్పటికీ తగలదు.
సుద్ద గోడ మీద కాసేపు ఆగిపోయింది.
"అయిదు పదహార్లు ఎనభై," అని గొణిగింది.
ఎనభై లాబ్‌స్టర్లు పడ్డాయనుకుందాం.
అయిదింట ఒకటి, పదహారు.
పదహారింట మూడు, పదిహేను.

"నీది ఒకటి తక్కువ," అంది,
మడవడం మరిచిపోయిన అతని వేళ్ల వంక చూస్తూ.
స్కినర్ నవ్వాడు. దొరికిపోయినవాడి నవ్వు కాదు,
దొరకడం అలవాటైనవాడి నవ్వు.

వెర్నా మళ్లీ ఇంజిన్లోకి తల దూర్చింది.
లోపల్నించి గొంతు, డబ్బాలో గులకరాళ్లలా:
"లెక్క సరే. ఎవరి ఎనభై?
హైన్స్ బోనుల్లో ఎనభై పడగా నువ్వెప్పుడు చూశావు?"

డెల్లా సుద్దని చొక్కా జేబులో వేసుకుంది.
తలుపు తీసింది, మంచు లోపలికొచ్చింది.
రెండు పడవలూ రేవులోనే ఉన్నాయి,
బోనులు లెక్కపెట్టుకుని వస్తానంది.

నా మోటారుకి ఇంకో నట్టు మిగిలింది.
వెర్నా చెయ్యి చాచి,
"పదకొండు బై పదహారు," అని
నాలుక కరుచుకుంది.
ఆ ఖాళీ వంక ఇద్దరం చూశాం.