ఎడమ స్పీకరు

నచ్చల్యా సార్.
ఈ మాట అనేదానికి
నాకు పద్నాలుగేండ్లు పట్టె.

అనంతపురం పాతూర్లో, గడియార స్తంభం దాటినంక రెండో సందు,
మిరపకాయ బజ్జీల బండి పక్కన, మెట్ల కింద
ఆరడుగుల అంగడి నాది.
బెల్టు తెగినవి, మోటారు కాలినవి,
పిల్లోడు చారు పోసినవి,
ఏ టేపురికార్డరు తెచ్చినా విప్పుతా.

సుధీంద్ర సారు కాలేజీలో కెమిస్ట్రీ.
నెలకోతూరి డెక్కును సంకనేసుకోని వచ్చి
హెడ్డు తుడిపించుకుంటాండె.
స్పిరిటు ఆరకముందే జేబులోంచి ఆ క్యాసెట్టు తీసి,
"మద్దిలేటీ, కండ్లు మూసుకో.
లోకమంతా దండం పెట్టిన పాట ఇది" అంటాండె.

మూసుకుంటాంటి.

గిటారు మొదలవుతాండె.
ఎండాకాలంలో బోరు రిగ్గు దించినట్ల
దిగుతాండె, దిగుతాండె, ఇంకా దిగుతాండె,
ఆరునూర్ల అడుగులైనా తడి తగలకపాయె.
పాడేటోడెవరో గొంతు చించుకుంటాండె,
ఎవురి మీద కోపమో చెప్పకుండానే.
ఆమీట ఉత్త డ్రమ్ములు, నాలుగు నిమిషాలు.
పీర్ల పండక్కి తప్పెట కొట్టే మా హుసేనప్ప
అంతసేపు ఒక్కడే కొడితే
"ఏమప్పా, తక్కినోల్లు టీకి పోయిరా?" అని అడిగేటోల్లం.

కండ్లు తెరిస్తే ఎదురుగా సారు మొగం.
పదో తరగతి రిజల్టు చూసుకునే పిల్లోని మొగం.
"అదిరిపోయింది సార్."

అబద్ధం చెప్పడం సులువే.
దానికి నెలనెలా సర్వీసింగు చేసేదే కష్టం.

తప్పు నాలోనే ఉందనుకుంటి.
సారు స్నేహితులు, కాలేజీ పిల్లోల్లు
అందరూ ఒకే తావున తలకాయలూపుతాంటే
నాది మాత్రం మెడ మీద గుమ్మడికాయ.
ఇంటికి తీసకపోయి రాత్రి ఒక్కన్నే వింటి.
జ్వరంలో వింటి.
వానొచ్చిన దినం వింటి,
మా ఊర్లో అది ఎన్నితూర్లొస్తాదో లెక్కబెట్టుకోండి.
చెనిక్కాయలు ఒలుస్తా నాగరత్న అడిగె,
"ఇది పాటనా, టెస్టింగా?"

నచ్చింది ఒకటుంది లే.
చెప్పేకి సిగ్గు.
పాటకీ పాటకీ నడుమ
ఉత్త టేపు తిరిగేటప్పుడు వచ్చే ఉస్సు.
కల్లంలో చేటెత్తి చెనిక్కాయలు పోస్తాంటే
కాయ కింద పడి
పొట్టు గాలికి పోయే చప్పుడు.
దానికి ఎవురూ దండం పెట్టినట్ల లేదు.

మొన్న సారు రిటైరాయె.
మెడలో పూలదండ వాసన ఇంకా పోలేదు, డెక్కు తెచ్చె.
"ఇంగ నీతో మొగమాటమేంది, నిజం చెప్పు.
ఏం వినపడతాది నీకు దీంట్లో?"

"నచ్చల్యా సార్.
నాకు పాట వినపడదు, మీ ఎడమ స్పీకరు వినపడతాది.
హెడ్డు వంకర. ఇన్నేండ్లూ మీరు
సగం పాటే విన్నారు."

అదిరిపోయిందని చెప్పిన నోటితో
వంకరుందని ఎట్ల చెప్పేది, అందుకే చెప్పల్యా.
అది గూడా చెప్తి.

సారు ఏమీ అనలేదు. స్క్రూడ్రైవరు చూపిచ్చె.
పావు తిప్పు తిప్పితి.
ఎడమ పక్క నుంచి ఇంగో గిటారు లేసొచ్చె,
పద్నాలుగేండ్లు గోడ అవతల నిలబడినోని మాదిరి.
ఎవురో దగ్గింది గూడా వినపడె.

అర్ధ నిమిషం విని సారు అద్దాలు తీసె.
"ఇది కాదు మద్దిలేటీ.
ఇది ఎవురిదో.
మునుపటి మాదిరి పెట్టు."

సక్కగున్నదాన్ని వంచడం ఎవురన్నా చేస్తారు.
ముందెంత వంకరుండెనో అంతే వంచల్ల.
మీటరు లేదు, గుర్తు లేదు.
చెవి ఆనిచ్చి తిప్పితి,
వెంట్రుక వాసి ముందుకి, వెంట్రుక వాసి యెనక్కి,
ఆ రెండో గిటారు మల్లా గోడ అవతలకి పోయేదాక.
ఆ పాట నాకు కంఠతా వచ్చని
నాకు అప్పుడు తెలిసె.

సారు తలకాయూపె.
నేను ఊపల్యా.

"ఎంతియ్యల్ల?"
"ఇరవై."

బజ్జీలు సారే తెచ్చె.
కాగితం మీద నూనె పరుచుకుంటాండె.
లోపల డ్రమ్ములాయప్ప
ఇంకా ఒక్కడే కొడతాండె.