మాట జారిన చోటు

యార్క్‌షైర్ కొండవాలు మీద
మొన్నటి మంచుకి కూలిన గోడని
ఆస్విన్ రేస్ట్రిక్ మళ్ళీ పేరుస్తున్నాడు.
సున్నం లేదు, సిమెంటు లేదు,
రాయికి రాయి ఆనుకోవడమే.
డెబ్బై మూడేళ్ళ ముంజేతుల మీద
నరాలు తడిసిన తాళ్ళు.

"ఏం కండ!" అన్నాను.
పనిలో చేరి పదకొండు రోజులు,
నా అరచేతుల నిండా బొబ్బలే.

ఫ్లాస్కుతో టీ తెచ్చిన అక్క ఆవెరిల్
(నలభై ఏళ్ళు నిఘంటువులతో కాపరం చేసిన మనిషి)
గడ్డిలో కూర్చుని అంది:
"దానికి మా ముసలి మాట ఒకటుంది, థ్యూ.
వినడానికి ఉమ్మినట్టుంటుంది గానీ
పుట్టినప్పుడు దానికి కండే లేదు.
వెయ్యేళ్ళ కిందట దానర్థం వాడుక.
రోజూ చేసేది,
చేసి చేసి ఒంటికి పట్టేసేది.
మంచి వాడుకే మంచి గుణమంది లోకం.
చెడ్డదానికి ముందొక 'అన్' తగిలించి
అన్‌థ్యూ అని మొహం తిప్పుకుంది.
తర్వాతెప్పుడో, ఎవరి నోటో జారి
గుణంలోంచి బలంలోకి,
బలంలోంచి జబ్బలోకి దిగి
అక్కడే చతికిలబడింది.
ఇప్పుడు వీడి చేతుల్లో తప్ప
ఎక్కడా కనపడదు."

కాలు జారితే తీసుకోవచ్చు.
మాట జారితే?

ఆస్విన్ ఇదంతా విననట్టే
గుప్పెడు చిన్న రాళ్ళు ఏరి
గోడ కడుపులో కూరుతున్నాడు,
రెండు వరసల నడుమ, బయటికి తెలియని చోట,
ఒక్కోదాన్నీ తిప్పి చూసి,
కదలదని తేలాకే ఇంకోటి.

"లోపల ఎవరు చూస్తారు?
బొచ్చెతో ఒంపేద్దామా?"

బూటుతో కూలిన ముక్కని కదిపాడు.
లోపలంతా మట్టి, గులక.
ఎవరో బొచ్చెతో ఒంపిందే.
"గొర్రె చూడదు," అన్నాడు,
"పొలం గలాయన చూడడు.
మంచు చూస్తుంది."

ఆయన చెప్పిన నియమం ఒకటే:
ఎత్తిన రాయిని కింద పెట్టకు,
దాని చోటు అదే అడుగుతుంది.
నేనెత్తిన రాయి
మూడుసార్లు కిందికి దిగింది.
నాలుగోసారి ఆవెరిల్ చూడకుండా దించాను.

రాత్రి జబ్బలు సలుపుతున్నాయి.
దీపమార్పి
మోచేతి పైన వేళ్ళతో నొక్కి చూసుకున్నాను.

నొప్పైతే ఉంది.
మాట ఇంకా దిగలేదు.