ఒక చుక్క మీసం

డబ్బా మీద నా పేరు లేదు.
కిట్టివేక్ నౌక బొమ్మ ఉంది, మూడో కెప్టెన్ ముఖం ఉంది,
ఏడు పౌన్ల తొంభై అయిదు పెన్నీలని ధర ఉంది.
ఆట రాసింది మాత్రం నేను,
స్వాన్సీలో, చేపల వేపుడు కొట్టు మీది గదిలో,
తొమ్మిది వారాల్లో.

నూనె వాసన జుట్టుకి పట్టి వదిలేది కాదు.
కీబోర్డువి రబ్బరు మీటలు,
నొక్కితే నానిన శనగల్లా ఉండేవి.
నలభై ఎనిమిది కిలోబైట్లు. అంతే చోటు.
ఇరవై రెండేళ్ళుగా నడుస్తున్న సీరియల్ని,
పదకొండు గ్రహాల్ని, కుదిరి చెడిన సంధుల్ని,
ఒక దేశం శనివారం సాయంత్రాలన్నిటినీ
అందులో కూరాలి,
అగ్గిపెట్టెలో పట్టుచీర మడిచినట్టు.

కెప్టెన్‌కి ఇచ్చింది ఎనిమిది గళ్ళ వెడల్పు, పదహారు గళ్ళ ఎత్తు.
మీసానికి ఒక చుక్క.
"పోలిక రాలేదు" అని లండన్ నుంచి ఉత్తరం.
చుక్కని ఒక గడి పైకి జరిపాను.
"ఇప్పుడు అచ్చు ఆయనే" అని జవాబు.
నెల తిరక్కుండా ఆ నటుడు
జీతం దగ్గర పేచీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.
నాలుగో కెప్టెన్‌కి మీసం లేదు.
చుక్క తీసేశాను.
మగవాడు అంత తేలిగ్గా మారడం
తర్వాత నా పెళ్ళిలో కూడా చూడలేదు.

డబ్బాలు అప్పటికే అచ్చయిపోయాయి.
పైన మూడో ఆయన, లోపల నాలుగో ఆయన.
టేపు ఎక్కేలోపు అయిదున్నర నిమిషాలు
కీచుమంటూ, గరగరమంటూ ఒకటే రొద.
పిల్లలు ఆ సందులో టీ తాగొచ్చేవాళ్ళట.
మీసం లెక్క ఎవరూ అడగలేదు.

పద్నాలుగో గది పెట్టమని కూడా ఎవరూ అడగలేదు.
అది నేనే పెట్టాను.

తొమ్మిదేళ్ళప్పుడు చూశాను ఆ గదిని.
మా ఇంట్లో బొమ్మ నిలవాలంటే
ఏరియల్ తీగ పట్టుకుని ఒకరు కిటికీ దగ్గర నిలబడాలి,
అటు తిరిగి.
రేవులో మూటలు దించి వచ్చిన నాన్న నిలబడేవాడు.
మాటలు వినబడేవి, మనుషులు కనబడేవాళ్ళు కాదు.
"ఏమవుతోంది?" అనేవాడు కిటికీ అద్దంతో.
నేను చెప్పేదాన్ని:
మూడు కుర్చీలున్నాయి.
ఒకటి పడిపోయి ఉంది.
కెప్టెన్ దాన్ని లేపట్లేదు.
"ఎందుకు లేపట్లేదు?"
తెలీదు నాన్నా, చూస్తూ ఉన్నాడంతే.

ఆ టేపుని తర్వాత చెరిపేసి
మీద ఫుట్‌బాల్ మ్యాచ్ ఎక్కించారట.
ఆ రోజుల్లో టేపు ఖరీదు, కథ చవక.

మొన్నామధ్య కార్డిఫ్ నుంచి ఒసియన్ అని ఒక కుర్రాడు వచ్చాడు,
కొత్త ఆట తయారుచేసేవాళ్ళ మనిషి.
స్క్రిప్టులో "ఒక గది" అనే ఉందట.
ఒక్క ఫోటో కూడా మిగల్లేదట.
"మీ ఆటలో తప్ప ఇంకెక్కడా లేదండీ" అన్నాడు,
టీ చల్లారబెట్టుకుంటూ.
కుర్చీల రంగు అడిగాడు.
మాది నలుపు తెలుపు టీవీ బాబూ,
నీలం వేసింది పసుపు వేస్తే కెప్టెన్ కాళ్ళు పచ్చబడుతున్నాయని.
తలూపాడు.
పుస్తకంలో "నీలం" అని రాసుకున్నాడు.

కొత్త ఆట వచ్చిన వారమే నా కంటి ఆపరేషన్.
చుక్కల మందు వేసుకుని
కళ్ళు మూసుకుని పడుకున్నాను.
తమ్ముడి మనవరాలు మాబ్లీ నేల మీద కూర్చుని ఆడుతోంది.
ఆరో కెప్టెన్ అట, ఆడమనిషి.
బూట్ల చప్పుడు గదిని బట్టి మారుతోంది,
ఇనుము మీద ఒకలా, చెక్క మీద ఒకలా.
తలుపు జరిగింది.
చప్పుడు ఆగింది.

"ఏమవుతోంది?" అన్నాను.

"మూడు కుర్చీలు. నీలంవి. ఒకటి పడిపోయి ఉంది.
దీన్ని లేపొచ్చు, మీట చూపిస్తోంది.
లేపనా?"

నా ఆటలో లేపడానికి చోటు చాలలేదు,
పదకొండు బైట్లు తక్కువయ్యాయి.

"లేపనా?" అంది మళ్ళీ.

ఆగు, అన్నాను.
కాసేపు చూస్తూ ఉండు.