బారి సీసా

మా మావ ఓడలో వంటోడు.
బారి అనే ఊరి రేవులో
ఇంజను పాడై పదకొండు రోజులు ఆగిపోయినాడంట.
ఆ పదకొండు రోజులే
ఇరవై ఏళ్లుగా సెప్తన్నాడు నాకు.

ఎనిమిది కాళ్లదాన్ని పట్టుకొచ్చి
రేవు బండల మీన బాదుతారంట, మెత్తబడేదాకా,
సాకలోళ్లు దుప్పటి బాదినట్టు.
నిమ్మకాయ పిండుకుని పచ్చిదే తినీస్తారంట.
మన వలకి పడితే
కంపెనీ లారీ ఎక్కించీడమే గదేటి, అన్నాను.

వీధిలో కుర్సీలేసుకుని ముసలమ్మలు
పిండి ముద్దని బొటనేలితో నొక్కి
సెవులు సేస్తారంట.
జల్లెడ మీన ఆరబెట్టిన వందల సెవులు.
ఇన్ని సెవులుంటే ఆ వీధిలో గుట్టెలా దాగుతాదన్నాను.
నవ్వలేదు.

ఊరు దాటితే గుండ్రటి ఇళ్లు,
సున్నమేసిన గోడ, మొనదేలిన కప్పు.
"మన సుట్టిల్లేనే, తాటాకు బదులు రాయి."
మన సుట్టిల్లేదిప్పుడు?
పెదజాలారిపేట అంతా తిరుగు, ఒక్కటి సూపించు.

ఏసంగిలో ఓడలోళ్ల సామిని
పడవెక్కించి సముద్రంలో తిప్పుతారంట.
గంగమ్మకి సెప్పాలి ఈ మాట.

వొచ్చినప్పుడు ఒక సీసా తెచ్చినాడు.
నేరేడుపండు నలిపినట్టుంది లోపల.
పెద్దదాని పెళ్లికి తీద్దామన్నాడు.
పెళ్లికి కల్లు సరిపోయింది, విస్కీ సరిపోయింది,
సీసా ఎవులికీ గురుతు రాలేదు.
హుద్‌హుద్ నాడు రేకులెగిరిపోయినాయి,
టీవీ పోయింది, మేక పోయింది.
సీసా మటుకు బియ్యం డబ్బా ఎనకాల
పసిపిల్లలాగ తొంగుంది.

మొన్న బిరడా తీస్తే ఒకటే పులుపు.
సముద్రంలో పారబోస్తానన్నాడు.
నా సేతిలోంచి పోనిస్తానా?
కోనెం ముక్కలు, ఎల్లుల్లి, ఎండుమిరగాయలు,
సింతపండు మానేసి
ఆ పులుపే పోసీసినాను.

తిన్నాడు.
రెండో ముద్దకి సెయ్యి ఆగింది.
"కార్మేలా" అన్నాడు,
నోట్లో అన్నం నోట్లోనే ఉంది.

ఇరవై ఏళ్లలో ఒక్కసారి రాని పేరు.
ఊరి పేరో, వంట పేరో, సెవులు సేసే ముసలమ్మో
నాను అడగలేదు.
ఇంకో ముక్క ఏసినాను, తోక ముక్క,
ముల్లున్నది.

సీసా కడిగి కొబ్బరినూనె పోసుకున్నాను.
పొద్దున్నే తల దువ్వుకుంటుంటే
లెక్క కట్టబుద్దేస్తాది:
పదకొండు రోజులంటే
సానా రోజులే.