ఎర్రగుడ్డ

డిసెంబరు వచ్చిందంటే నా కుట్టుమిషనుకి కునుకుండదు.
తొమ్మిదో తారీఖున కొండవతలి వాళ్ళ జెండా,
పన్నెండున మాది.
నడుమ మూడు రోజులు,
నడుమ రెండేళ్ళు,
నడుమ కిలిమంజారోని చూసి పక్కకి ఒంగిన ఒక గీత.

తవేతా సంతలో నా వసారా నీడన
ఇద్దరు ముసలమ్మలు బేరం పెట్టుకుంటారు.
న్యొకాబి చిక్కుడు గింజలు,
సికుధాని పచ్చి అరటి గెలలు.
ఇద్దరికీ తూకపురాయి ఒక్కటే.
పొద్దున్నే తగవు దాని దగ్గర మొదలై
ఎండెక్కేసరికి దేశాల దాకా పోతుంది.

నలుపు రెండు జెండాలకీ కావాలి, ఆకుపచ్చా అంతే.
పసుపూ నీలమూ వాళ్ళకి, ఎరుపూ తెలుపూ మాకు.
ఈసారి మొంబాసా నుంచి ఎర్రగుడ్డ సరిగా రాలేదు.
"మూరెడు తగ్గింది" అన్నాను, పంటి కింద దారంతోనే.

చిక్కుళ్ళలో న్యొకాబి చెయ్యి ఆగింది.
"అప్పుడు తగ్గలేదులే.
పన్నెండేళ్ళదాన్ని. మా ఊరు తగలబెట్టి
ఇంకో ఊరు మమ్మల్నే కట్టమన్నారు,
చుట్టూ కందకం మమ్మల్నే తవ్వమన్నారు,
అందులో పాతే వెదురు మేకులు
మమ్మల్నే చెక్కమన్నారు.
మా నాన్న మెడలో రేకుడబ్బీ, దాన్లో ఆయన వేలిముద్ర,
ఆవుకి గంట కట్టినట్టు.
ఒకరోజు గోనెసంచి ముసుగొకటి,
కళ్ళకి రెండు కన్నాలు,
ఆయన ముందు నిలబడి తలూపింది. అంతే.
జెండా ఎగిరాక మా చేలోకి పోతే
ఆ ముసుగువాడి ఆవులు మేస్తున్నాయి."

సికుధాని చేతికంటిన అరటిపాలు తుడుచుకుంది.
పేరుకే ‘అనుకోలేదు’ అని అర్థం,
అన్నీ ముందే అనుకొని మాట్లాడే మనిషి.
"మాకట్లా కాదు" అంది, కాస్త గొప్పగానే.
"మా పిన్ని పెళ్ళిళ్ళలో డప్పు కొట్టేది.
డప్పులో పార్టీ కార్డులు దాచి ఇల్లిల్లూ తిరిగింది.
ఒకే రంగు కాంగాలు చుట్టుకొని ముప్పైమంది ఆడాళ్ళు,
ఆట ఆగినచోటల్లా ఒక సభ.
తర్వాత ఓట్లు. ఆ తర్వాత ఒక అర్ధరాత్రి
దీపాలార్పారు, వెలిగించారు,
కర్ర మీద గుడ్డ మారింది.
ఒక్కడి ముక్కులోంచైనా నెత్తురు రాలేదు."

"మాటలతో వస్తే మాకు చేదా?" న్యొకాబి ఉడుక్కుంది.
"మీ దేశం వాళ్ళకి అద్దెకొంప.
మాది సొంతిల్లనుకున్నారు, పూలమొక్కలు కూడా నాటుకున్నారు.
అద్దెకొంప ఖాళీ చెయ్యడానికి
ఎవడు తుపాకీ పడతాడు?"

సికుధాని చాలాసేపు మాట్లాడలేదు.
ఒక గెల అమ్మింది. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టింది.

"మా అవ్వ ఆ నీళ్ళు తాగింది" అంది అప్పుడు.
"ఈ దొరలు కాదు, వీళ్ళకి ముందు జర్మనీ దొరలు.
పత్తి వెయ్యమని కొరడా తీశారు.
జొన్నలూ ఆముదమూ కలిపిన మంత్రపు నీళ్ళు,
తాగినోడికి తగిలే తూటా నీరైపోతుందన్నారు.
అవ్వ తాగింది. ఆమె అన్నలు ముగ్గురూ తాగారు.
తూటా తూటాగానే వచ్చింది.
తర్వాత గాదెలు కాల్చారు.
ఆ ఏడు మా కొండల్లో
పుట్టిన బిడ్డకి వెంటనే పేరు పెట్టలేదంట,
ఉంటుందో లేదో చూద్దామని.
మా పిన్ని చిందేసింది ఆ నేల మీదే."

"మరి మీ జెండాలో ఎరుపేదీ?"
అడిగాను, దర్జీ బుద్ధి.

ఆమె నా బల్ల మీది నల్లగుడ్డ అంచు
వేళ్ళ మధ్య నలిపి చూసింది.
"అరవై ఏళ్ళు ఎండితే
ఏ రంగుకొస్తుందనుకున్నావు?"

న్యొకాబి తూకపురాయిని అటు జరిపింది.
సాయంత్రం మళ్ళీ ఇటు లాక్కుంది.

ఎర్రగుడ్డ మాత్రం మూరెడు తక్కువే.
పన్నెండుకి ఇంకా నాలుగు రోజులు.